బండ లాగే రోజుల్లో బ్యాటరీ కబుర్లు

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయినా మా కర్నూలు, కడప వైపు పందేల సందడి ఇప్పుడే ఊపందుకుంది. ఇక్కణ్ణుంచి ఉగాది దాకా ఏ ఊరి తిరునాళ్ళ పోస్టరు చూసినా అడుగున ఎద్దుల బండలాగుడు పోటీల వరస తప్పకుండా ఉంటుంది. శివరాత్రికి మహానందిలో సరేసరి. సరిగ్గా ఇవే రోజుల్లో కార్ల పందేల లోకంలోనూ కోలాహలమే. ఫార్ములా వన్ జట్లు ఒక్కొక్కటే కొత్త కారు మీద గుడ్డ తీసి చూపిస్తున్నాయి. ఫిబ్రవరిలో బహ్రెయిన్‌లో పరీక్షలు, మార్చి 8న మెల్‌బోర్న్‌లో అసలు పందెం.

ఆ లోకం మనకు కొరుకుడు పడదని భయపడే పనేమీ లేదు. బండలాగుడులో ఎద్దుల పళ్ళ లెక్కన పాల పళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు ఉంటారా? అక్కడ ఫార్ములా ఫోర్, త్రీ, టూ, వన్. మెట్లు ఎక్కాల్సిందే. కాకపోతే అక్కడ కింది మెట్టు మీద పళ్ళ కన్నా ముందు నాన్న జేబు చూస్తారు. ఆ మెట్లలో ఇప్పుడు మనవాళ్ళలో పైకి వచ్చినవాడు బెంగళూరు కుర్రాడు కుశ్ మైనీ. 2025 మే నెలలో మొనాకో వీధుల్లో ఫార్ములా టూ స్ప్రింట్ రేసు గెలిచాడు. అక్కడ ఆ స్థాయిలో గెలిచిన తొలి భారతీయుడు అతనే.

ఇక ఈ ఏడాది పెద్ద కబురు నియమాల మార్పు. నిరుటి దాకా ఫార్ములా వన్ కారులో విద్యుత్ మోటారు ఇచ్చే బలం 120 కిలోవాట్లు. 2026 నుంచి అది 350. అంటే కారు శక్తిలో దాదాపు సగం బ్యాటరీ నుంచే రావాలి. మిగతా సగం ఇచ్చే ఇంజనులో పోసేది కూడా భూమిలోంచి తోడిన చమురు కాదు, కొత్తరకం ఇంధనం. ఈ మార్పు వాసన తగలగానే కార్ల కంపెనీలన్నీ ఎగబడ్డాయి. సౌబర్ జట్టును కొనేసి ఆడి దిగింది. ఫోర్డ్ రెడ్ బుల్‌తో చేతులు కలిపింది. వెళ్ళిపోతానన్న హోండా మనసు మార్చుకుని ఆస్టన్ మార్టిన్‌కు ఇంజను ఇస్తోంది. అమెరికా నుంచి క్యాడిలాక్ పదకొండో జట్టుగా వచ్చి చేరింది. అందరూ వస్తుంటే రెనో మాత్రం ఇంజన్ల తయారీ మానుకుంది. దాని సొంత జట్టు ఆల్పీన్ ఇప్పుడు మెర్సిడెస్ ఇంజను పెట్టుకుని తిరుగుతుంది. ఇంట్లో పొయ్యి ఆర్పేసి హోటలు క్యారియరు తెప్పించుకున్నట్టుంది నాకైతే.

బ్యాటరీ నిండేది ఎట్లా అంటారా? బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని మోటారు వెనక్కి పట్టి దాచిపెడుతుంది. తిన్నని దారిలో ఆ దాచిందే వదులుతుంది. ఎక్కడ దాచాలి, ఎక్కడ వదలాలి అన్నదే ఈ ఏడాది డ్రైవర్ల తలనొప్పి. కర్నూలు వాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. పాణ్యం దగ్గర పిన్నాపురం గుట్టల్లో గ్రీన్‌కో కంపెనీ కట్టుకొచ్చిన 1680 మెగావాట్ల కేంద్రం చేసేది ఇదే పని. పగలు ఎండ కరెంటు మిగిలినప్పుడు నీళ్ళను పై చెరువుకు తోడుతుంది. పొద్దుపోయాక, ఊళ్ళన్నీ కరెంటు అడిగేవేళ అదే నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తుంది. తొలిసారి నింపుకునే నీళ్ళు గోరుకల్లు జలాశయానివి. గుట్టంత బ్యాటరీ అన్నమాట.

ఆ గ్రీన్‌కో పేరే మూడేళ్ళ కిందట ఒక కార్ల పందెం మీద కూడా చూశాం. 2023 ఫిబ్రవరి 11, శనివారం, హైదరాబాద్ హుసేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం ఫార్ములా ఈ. మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ పందెం అదే. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, అప్పటికింకా తెరవని కొత్త సచివాలయం చుట్టూ 2.8 కిలోమీటర్ల పైచిలుకు దారి, 18 మలుపులు. ముందురోజు ప్రాక్టీసుకు వేళవుతుంటే మామూలు జనం కార్లు ట్రాకు మీదికి వచ్చేశాయి. పోలీసులు వాటిని బయటికి పంపడానికి నానా తంటాలు పడ్డారు. మన నగరాల్లో రోడ్డు మూయడమంటే మాటలా!

పందెం మాత్రం పసందుగా సాగింది. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంటిదారి పట్టాయి. సొంత జట్టువాడే గుద్దితే ఎవరిని తిట్టాలి? గెలిచినవాడు ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. చివరి ల్యాపుల్లో వెనకాల తరుముకొస్తున్న నిక్ కాసిడీ బ్యాటరీలో ఎక్కువే మిగిలి ఉంది. అయినా వెర్న్ సందివ్వలేదు. ఉన్న కాస్త కరెంటునూ పొదుపుగా వాడుకుంటూ గీత దాటేశాడు. టీవీల్లో మాత్రం ఇదంతా వెనక్కిపోయి, ఆనంద్ మహీంద్రాకు రామ్ చరణ్ నాటు నాటు స్టెప్పు నేర్పించడమే పదే పదే తిరిగింది.

ఆ పందెం రెండోసారి జరగలేదు. ప్రభుత్వం మారింది, 2024 పోటీ రద్దయింది. విదేశీ నిర్వాహకులకు హెచ్‌ఎండీఏ చెల్లించిన దాదాపు 55 కోట్ల మీద ఏసీబీ కేసు పెట్టింది. మాజీ మంత్రి కేటీఆర్‌ను విచారణకు పిలిచారు. తప్పేమీ చేయలేదని ఆయన అంటున్నారు. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. నా గొణుగుడు వేరే. ఒక్కరోజు పందెం కోసం ఊరి నడిబొడ్డున రోడ్లు కట్టేసి గోడలు నిలబెట్టడం కన్నా, శాశ్వతమైన ట్రాకు ఒకటి ఉంటే ఏడాది పొడుగునా పిల్లలు నేర్చుకుంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటి పెద్ద ట్రాకు నాకు తెలిసి లేదు. కడప కుర్రాడు రేసింగ్ నేర్చుకోవాలంటే మద్రాసు పక్కన శ్రీపెరంబుదూరు వైపు ఇరుంగాట్టుకోట్టైకి పోవాలి, లేదంటే కోయంబత్తూరుకు. కర్నూలు పక్కన ఓర్వకల్లు బీడు భూములు చూసినప్పుడల్లా నాకు ఈ దురాశ పుడుతూనే ఉంటుంది.

రోడ్ల మాటెత్తాం గనక ఇంకో కబురు. ఈ జనవరిలో పుట్టపర్తి దగ్గర బెంగళూరు–విజయవాడ కొత్త రహదారి మీద 24 గంటల్లో 28.89 లేన్ కిలోమీటర్ల తారు పరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. పోసిన తారు కంకర 10,655 టన్నులు. కొత్త రోడ్డు కనబడితే మా కుర్రకారు చెయ్యి ఊరికే ఉండదు. యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. రేసు డ్రైవరు ఆరు బెల్టులు బిగించుకుని, హెల్మెట్ పెట్టుకుని, మంటలంటని బట్టలు తొడుక్కుని పోతాడు. మావాడు లుంగీ, హవాయి చెప్పులు. ‘ఏమప్పా, హెల్మెట్ యాడ?’ అంటే ట్యాంకు మీద చూపిస్తాడు.

పెనుకొండ ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చే కియా కార్లను రోజూ చూసేవాళ్ళకు ఒక చిన్న ముచ్చట. 2019లో సెల్టోస్‌తో అక్కడ తయారీ మొదలుపెట్టిన కియా పందేలకు దూరంగా ఉంటుంది గానీ, దాని పెద్దన్న హ్యుండయ్ ప్రపంచ ర్యాలీల్లో ఆరితేరింది. 2024లో ఆ జట్టు డ్రైవర్ థియరీ న్యూవిల్ ప్రపంచ విజేత. అదే కుటుంబంలోని జెనెసిస్ ఈ ఏడాది లె మాన్ 24 గంటల పందెం ఉన్న సిరీస్‌లోకి దిగుతోంది. మన నేల రాయికీ కార్లతో చుట్టరికం ఉంది. మంగంపేట ముగ్గురాయి ఎక్కువగా పోయేది చమురు బావుల తవ్వకాలకే అయినా, కార్ల బ్రేకు ప్యాడ్లలో కూడా ఆ ఖనిజం కలుపుతారు. మనం వేసే బ్రేకులో మన రాయే ఉందేమో, ఎవరు చూశారు!

సినిమావాళ్ళ సంగతి చెప్పకపోతే ఈ కబుర్లు పూర్తికావు. ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును 2024లో నాగచైతన్య కొన్నాడు. సికింద్రాబాద్‌లో పుట్టిన అజిత్ ఏకంగా సొంత జట్టే పెట్టాడు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల పందెంలో ఆ జట్టు తన తరగతిలో మూడో స్థానం కొట్టింది. ‘ప్రేమ పుస్తకం’ నాటి కుర్రాడు యాభై దాటాక జాతీయ జెండా పట్టుకుని గెంతుతుంటే చూడముచ్చటేసింది.

మెల్‌బోర్న్ పందెం మార్చి 8, ఆదివారం. మన గడియారంలో పొద్దున తొమ్మిదిన్నర, అంటే కర్నూల్లో ఉగ్గాని, బజ్జీల వేళ. నిరుడు వెర్‌స్టాపెన్‌ను రెండే రెండు పాయింట్ల తేడాతో దాటి విజేత అయిన లాండో నోరిస్ ఈసారి ఒకటో నంబరు కారుతో వస్తాడు. నన్నడిగితే ఈ ఏడాది డ్రైవరు పేరు చూసి పందెం కట్టకండి. ఎవరి బ్యాటరీ ఎప్పుడు ఖాళీ అవుతుందో మొదటి మూడు నాలుగు పందేలు చూశాక మాట్లాడుకుందాం.