ఆ పాతిక శాతంలో మా పిన్ని ఉందా?

కోవిడ్ మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. ఆ తర్వాత ఎక్కడ చూసినా ఇదే అంకె. పేపర్లో, యూట్యూబ్‌లో, ఆఫీసులో హెచ్.ఆర్. వాళ్ళు పంపే మెయిళ్ళలో. అంకెలతో బతికే ఉద్యోగం నాది. డాష్‌బోర్డు మీద ఒక గ్రాఫ్ పైకి లేస్తే, ఎందుకు లేచిందో తర్వాత చూస్తాం. ముందు ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తాం. ఆ అలవాటు కొద్దీ దీన్నీ కాస్త తవ్వాను.

ఈ లెక్కకి ముఖ్యమైన ఆధారం 2021 అక్టోబర్లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన అధ్యయనం. కోవిడ్ రాకపోయి ఉంటే 2020లో కుంగుబాటుతో బాధపడేవాళ్ళు సుమారు 19.3 కోట్ల మంది ఉండేవారట, వచ్చాక 24.6 కోట్లయ్యారు. ఆందోళన రుగ్మతలు 29.8 కోట్ల నుంచి 37.4 కోట్లకి పెరిగాయి. దెబ్బ ఆడవాళ్ళకీ, చిన్న వయసు వాళ్ళకీ ఎక్కువ తగిలింది. ఇదంతా ప్రపంచం మొత్తానికి. కానీ దీనికి పనికొచ్చాయని వాళ్ళు ఎంచుకున్న అధ్యయనాలు 48 మాత్రమే. వాటిలో చాలా భాగం పశ్చిమ యూరప్‌వి, ఉత్తర అమెరికావి. మిగిలిన దేశాలకి ఒక మోడల్ కట్టారు: వైరస్ ఎంతమందికి సోకింది, జనం కదలికలు ఎంత తగ్గాయి అన్నవాటి ఆధారంగా. తప్పనడం లేదు. డేటా లేనిచోట మేమూ అదే చేస్తాం. కాకపోతే అంచనాకీ, ఎవరో వచ్చి పక్కన కూర్చుని అడిగినదానికీ తేడా ఉంటుంది.

మన దేశంలో అలా కూర్చుని అడిగిన పెద్ద సర్వే కోవిడ్‌కి ముందొకటి జరిగింది. 2015-16లో బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి అప్పటికే ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. ఇక లాక్‌డౌన్లో వాట్సాప్‌లో తిరిగిన గూగుల్ ఫారాల సంగతి తెలిసిందే. స్మార్ట్‌ఫోన్, ఇంగ్లీషు, ఖాళీ సమయం ఉన్నవాళ్ళు నింపారు. అంటే మనలాంటి వాళ్ళం.

మా పిన్ని నింపలేదు. బాబాయ్ 2021 మేలో పోయాడు. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు, పదో రోజు ఫోనొచ్చింది. చివరి చూపు కూడా పిన్నికి వీడియో కాల్లోనే. ఆగస్టుకల్లా ఆవిడకి గుండెల్లో మంట మొదలైంది. తర్వాత అరికాళ్ళ మంటలు, తల దిమ్ము, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఈసీజీ తీశారు, ఎకో తీశారు, థైరాయిడ్ చూశారు, ఎండోస్కోపీ కూడా అయింది. అన్నీ నార్మల్. 'గ్యాస్' అని మందులిచ్చారు. పిన్ని కూడా అందరికీ గ్యాసనే చెప్పుకుంది.

మన మనోవైజ్ఞానిక నవల అనగానే నాకు వరసగా గుర్తొచ్చేది సీతారామారావు, దయానిధి, 'అంపశయ్య' రవి. ముగ్గురూ చదువుకున్న మగవాళ్ళు. ముగ్గురూ తమ బాధని పేజీలకు పేజీలు ఆలోచించగలరు. నేనూ మనసు గురించి చదవడం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. పిన్ని బాధ ఆలోచనగా బయటికి రాదు, మంటగా వస్తుంది. అలాగని తెలుగుకి ఈ సంగతి తెలీదని కాదు. తల్లి ఊరెళ్తే పిల్లాడికి జ్వరమొస్తుంది, 'బెంగ పెట్టుకున్నాడు' అంటాం. భయపడితే 'దడుపు జ్వరం' అంటాం. మనసుకి తగిలింది ఒంట్లో తేలుతుందని భాషకి ఎప్పుడో తెలుసు. కాకపోతే ఆ మాటలన్నీ చిన్నపిల్లలకి కేటాయించాం. యాభై రెండేళ్ళ మనిషి బెంగ పెట్టుకుందని ఎవరూ అనరు. పెద్దవాళ్ళకి మిగిలింది 'పిచ్చి' ఒక్కటే. దానికి హైదరాబాదులో ఎర్రగడ్డ జోకు, అటువైపు వైజాగ్ జోకు. పేపర్లలో 'కుంగుబాటు' ఉంది గానీ, ఆ మాట ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

2022 సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్నిని వాళ్ళ ఊళ్ళోనే ఒక మామూలు ఎం.డి. డాక్టరుగారికి చూపించాం. ఆయన రిపోర్టులన్నీ చూసి పక్కన పెట్టి, ఒక కాగితం తీశారు. పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. ఆయన దగ్గరున్నది ఇంగ్లీషు కాగితం. నన్ను తెలుగులో అడగమన్నారు.

"పిన్నీ, ఈ మధ్య పనుల మీద ఆసక్తి తగ్గిందా?"

"ఆసక్తేంట్రా? వంట చెయ్యాలి, చేస్తున్నాను."

ఆ ప్రశ్న రాసినవాళ్ళు, మనిషి ఇష్టం కొద్దీ చేసే పనులు కొన్ని ఉంటాయనుకుని రాశారు. డాక్టరుగారు అందుకుని, "ఇదివరకు సీరియల్ చూసేవారా అమ్మా? ఇప్పుడు చూస్తున్నారా?" అన్నారు. టీవీ పెట్టి ఎనిమిది నెలలైందంది. మూడు మార్కులు. నిద్ర, మూడు. ఆకలి, రెండు. తొమ్మిదో ప్రశ్న దగ్గర నా నోరు పెగల్లేదు. బతికుండటం కన్నా చావు మేలనిపించడం గురించి అది. నేను తటపటాయిస్తుంటే పిన్నే ఆ కాగితం వైపు చూసి, "ఆయనెళ్ళిపోయారు, నేనెందుకున్నానో ఆ దేవుడికే తెలియాలి" అంది.

ఈ మాట మా అమ్మమ్మా అంది, మేనత్తా అంది. భర్త పోయిన ప్రతి ఆడమనిషి దగ్గరా విన్నాను. మాకది ఊతపదం లాంటిది. దానికి సున్నా వెయ్యాలా, మూడు వెయ్యాలా? డాక్టరుగారు పెన్ను కింద పెట్టి సూటిగా అడిగారు. "చచ్చిపోదామని ఎప్పుడైనా అనుకున్నారా అమ్మా?" పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండుసార్లు. అమ్మాయి గుర్తొచ్చి ఊరుకున్నాను" అంది.

మొత్తం 16 వచ్చింది. ఆ కాగితం జబ్బుని నిర్ధారించదు, జబ్బుండొచ్చని చెప్తుంది. ఆ నిర్ధారణ తర్వాత సైకియాట్రిస్టు దగ్గర జరిగింది.

ఇది జబ్బా, దుఃఖమా అని నాకింకా అనిపిస్తూ ఉంటుంది. దుఃఖానికి గడువు పెట్టడంలో వైద్యులకే ఏకాభిప్రాయం లేదు. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 ఆరు నెలలు దాటాలంటుంది, అమెరికా వాళ్ళ డీఎస్ఎం ఏడాదంటుంది. కానీ ఆ గడువులకి ముందు మనకొక ఏర్పాటుండేది. పరామర్శ. పదకొండు రోజులు ఇల్లు నిండా జనం. వచ్చిన ప్రతివాళ్ళూ 'ఎలా జరిగింది?' అని మొదటి నుంచి చెప్పించుకుంటారు. చిన్నప్పుడు అది హింసనిపించేది. ఇప్పుడు చూస్తే, జరిగినదాన్ని వందసార్లు చెప్పి చెప్పి అరగదీసే పని అది. 2021 మేలో పిన్ని అదెవరికీ చెప్పలేదు. గుమ్మం దగ్గరికి ఎవరూ రాలేదు. ఫోన్లలో మనం అడిగేది 'తిన్నావా?' అని. దానికి జవాబు ఎప్పుడూ 'తిన్నాను' అనే.

అందుకే, కోవిడ్ కాలంలో మానసిక సమస్యలు ఎంతమందికి అంటే, నాకు తోచిన జవాబు ఇది: ఎంతమందిని అడిగితే అంతమందికి. ఆ 25 శాతంలో మా పిన్ని లేదు. ఏ సర్వే ఆవిడ గుమ్మం తొక్కలేదు. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కి చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే. కానీ ఫోన్ చెయ్యాలంటే, నాది గ్యాస్ కాదని ముందు నాకు తెలియాలి కదా.

మందులు మొదలుపెట్టిన రెండు నెలలకి పిన్నికి నిద్ర పట్టింది. గుండెల్లో మంట ఒక్కోసారి వస్తుంది. ఆ మధ్య వెళ్తే, వెనక వీధిలో ఉండే ఆవిడ వరండాలో కూర్చుని ఉంది. ఆవిడ భర్త కూడా ఆ మేలోనే పోయాడు. ఒంట్లో ఏదో మంటలంటోంది. పిన్ని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అడిగింది.

"తెల్లారగట్ల మూడింటికి మెలకువొచ్చేస్తోందా?"