బస్తా దించే చోటు

మా మాదిగపల్లెలో కసరత్తు అనే మాట నేను చిన్నప్పుడు వినలేదు. పని అనే మాటే విన్నాను. కసరత్తు ఊళ్లో ఉండేది. ఆంజనేయస్వామి గుడి పక్కన తాలింఖానా. సాయంత్రమైతే ఊరి కుర్రాళ్లు లంగోటాలు బిగించి దండీలు, బస్కీలు తీసేవాళ్లు, గదలు తిప్పేవాళ్లు. మేం కంచె ఇవతల నిలబడి చూసేవాళ్లం. గుడి ఆవరణ కదా, లోపలికి రానిచ్చే ప్రసక్తే లేదు. ఓసారి మాలో ఒకడు ఉండబట్టలేక కంచె బయటే బస్కీలు మొదలుపెట్టాడు. "మీకెందుకురా కసరత్తు? చేలో దిగితే చాలదా?" అని లోపలున్నోళ్లు విరగబడి నవ్వారు.

బస్కీ మాకు బడిలో అబ్బింది. అక్కడ దాని పేరు గుంజీలు. దాహమేసి కుండలో గ్లాసు ముంచినందుకు నేను యాభై గుంజీలు తీశాను, చెవులు పట్టుకుని, ఆడపిల్లల ముందు. కూర్చోడం లేవడం ఒకటే. ఊళ్లో వాడు చేస్తే బలం, నేను చేస్తే శిక్ష. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్ని నిషేధించింది. నేను పంతులునై పదేళ్లు దాటింది, నా తరగతిలో గుంజీల్లేవు. గొప్పకి చెప్పడం లేదు. నా మోకాళ్లకి ఇంకా గుర్తుంది కాబట్టి చెబుతున్నాను.

మా అయ్య రైసుమిల్లులో ముఠా కూలీ. వడ్ల బస్తా 75 కిలోలు, బియ్యం బస్తా 100. రోజుకి ఎన్ని మోశాడో ఆయనకే లెక్క తెలీదు, మేస్త్రికి తెలుసు. ఒక మగవాడి చేత 55 కిలోలకి మించి మోయించొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఆ సంగతి డిగ్రీలో చదివి, సెలవులకి ఇంటికొచ్చి అయ్యకి చెప్పాను. "ఆ కాయితం మా మిల్లుకి రాలేదురా" అన్నాడు. ఇప్పుడాయన నులకమంచం మీంచి లేవాలంటే రెండు చేతులూ పట్టీ మీద ఆనించాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2022 నవంబరులో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. మా పల్లెనుంచి ఏడుగురు పెట్టారు, అందులో ఒకతి మా చిన్నాన్న మనవరాలు. పరుగుకి, లాంగ్‌జంప్‌కి కాళ్లలో బలం కావాలి. టౌన్లో జిమ్ముకి పోవాలంటే నెలనెలా ఫీజు, పైగా బస్సు ఛార్జీ. కుర్రాళ్లు వాళ్లకి తోచింది వాళ్లు చేశారు. పాత నీళ్ల పైపు ఒకటి తెచ్చి, రెండు కొసలకీ ఇసక నింపిన సిమెంటు సంచులు తాడుతో కట్టి, రెండు కుర్చీల మీద ఆనించి, దాని కింద దూరి లేచేవాళ్లు. ఓ రోజు పైపు నడిమికి వంగింది, ఒకవైపు సంచి జారింది, రెండోవైపు బరువంతా పిల్లాడి మీద పడింది. జబ్బ ఎముక విరిగింది. మెడ అయితే ఏం చేసేవాళ్లం?

టౌన్లో షాపులో స్క్వాట్ రాక్ ధర అడిగాను. రాడ్డు, బిళ్లలు కలిపి ముప్ఫై వేల పైమాట. నేను ఇంటి లోను కడుతున్నాను. సరే, మనమే చేయిద్దాం అనుకున్నా. నాకు తెలిసింది పుస్తకం. తెలిసినోడు ఇంట్లో ఉన్నాడు కదా, అయ్యనడిగాను.

ఆయన చెప్పింది ఇది. "బస్తాని ఎవుడూ నేలమీంచి ఒంటిగా నెత్తికెత్తుకోడు. ఇద్దరు ఎత్తుతారు, ఒకడు మోస్తాడు. ఎత్తేవోళ్లు ఎట్టాగూ ఉంటారు, ఆళ్లకి పని కావాల. దించే చోటు ఉండాల. మా మిల్లులో అదే లేదు. కాలు మడత పడ్డదా, బస్తా కింద మనిషే." నేను ఇంటర్నెట్టులో చదివిన సేఫ్టీ బార్ల సంగతి ఆయన తన నడుముతో చదివేశాడు.

పాత ఇనుము కొట్లో రెండంగుళాల చదరపు పైపు దొరికింది. తుప్పు పట్టినవి పక్కన పెట్టి, గోడ మందం మూడు మిల్లీమీటర్లు ఉన్నవి ఏరాను. ఆరడుగుల నిలువులు నాలుగు, అడుగున నాలుగడుగుల చట్రం, పైన కూడా నాలుగు మూలలా కలుపుతూ కట్టు. విడివిడి స్టాండ్లు రెండు పెడితే చవకే. కానీ రాడ్డు పెట్టేటప్పుడు కాస్త ఒరిగితే స్టాండు కూడా పడుద్ది. అందుకని ఒకటే చట్రం. ముందు నిలువులకి మూడంగుళాలకొకటి చొప్పున బెజ్జాలు, వాటిలో కొక్కేలు. అడ్డంగా రెండువైపులా పట్టీలు, అవే బరువుని పట్టుకునేవి. మనిషి పూర్తిగా కూర్చున్నప్పుడు భుజం మీద రాడ్డు ఎక్కడుంటుందో, దానికి రెండంగుళాలు కిందగా పెట్టాలి. పైకి పెడితే కూర్చోనివ్వదు, మరీ కిందకి పెడితే పట్టుకోదు. నా ఎత్తు వేరు, ఆ పిల్ల ఎత్తు వేరు. బెజ్జాలు అందుకే. వెల్డింగు మా మాలపల్లె కుర్రాడు చేశాడు, మజూరీ సగమే తీసుకున్నాడు. (మాల మాదిగల మధ్య ఏముందో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ రెండు రోజులు మాత్రం ఇనుము గురించే మాట్లాడుకున్నాం.)

రాడ్డు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. లోపల డొల్లగా ఉన్న పైపు వద్దు. 28 మిల్లీమీటర్ల గుండ్రటి నున్నటి ఇనప రాడ్డు, ఏడడుగులు, లేతు పనివాడి దగ్గర కోయించాను. స్లాబు పనికి పోయేవాళ్లందరికీ తెలిసిన లెక్కే, మిల్లీమీటర్లని అదే అంకెతో హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. ఆ లెక్కన పది కిలోల చిల్లర. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఈ లెక్క చేయించాను, రాడ్‌బెండింగ్ చేసే నాన్నలున్న పిల్లలు నాకంటే ముందే చెప్పారు.

బిళ్లలు సిమెంటువే. పద్నాలుగంగుళాల టబ్బులో రెండంగుళాల మందాన, నడిమిన పైపుముక్క నిలబెట్టి, తీగ జాలీ వేసి, కాంక్రీటు పోశాం. ఒక్కోటి పన్నెండు కిలోలు. వారం రోజులు నీళ్లు కట్టాం, 28 రోజులు ముట్టుకోనివ్వలేదు. కుర్రాళ్లకి ఈ 28 రోజులే కష్టమైంది. రేషన్ డిపో కాటా మీద తూచి జతలు కలిపాం, రెండువైపులా తూకం సమానంగా లేకపోతే మెలి తిరుగుద్ది. కొసలకి బిగింపు బోల్టులు. నాది అంతా కలిపి ఏడు వేల లోపే అయింది.

మా కాలనీ ఇంట్లో గది చిన్నది, నాపరాళ్ల నేల ఒకచోట ఎత్తు ఒకచోట పల్లం. అందుకని దొడ్లో రేకుల పంచ కింద సిమెంటు నేల మట్టంగా చేసి పెట్టాం. పట్టీల కింద పాత లారీ టైరు ముక్కలు పరిచాం. మనిషి ఎక్కే ముందు రెండు ఇసక బస్తాలు, వంద కిలోల పైన, తాడుతో లేపి పట్టీల మీదకి మూడుసార్లు వదిలాం. ఒక చోట వెల్డింగు వెంట్రుకవాసి చిట్లింది, మళ్లీ అతికించాడు. తర్వాతే మనుషులు. అదీ ముందు వట్టి బస్కీలు నెలరోజులు, తర్వాత పది కిలోల ఇసక సంచి రొమ్ముకి హత్తుకుని, ఆ తర్వాతే రాడ్డు. స్పాంజి చెప్పులతో ఎవర్నీ ఎక్కనివ్వం, వట్టి కాళ్లే మేలు. పెద్ద గీత 80 కిలోలు. దాన్ని దాటాలంటే ఇంకో రాడ్డు కొనాలి, మా దగ్గర లేదు.

ఆడపిల్ల బరువులెత్తడమేంటని పల్లెలోనే మాటొచ్చింది. గర్భసంచి జారుద్దన్నారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండెత్తులు కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిందని నేను చెప్పబోయాను. ఆ పిల్ల తల్లి నన్ను మాట్లాడనివ్వలేదు. "ఇటికబట్టీ కాడ తొమ్మిదో నెల్లో కూడా నేను ఇటికలు మోశా. అప్పుడు జారద్దని ఎవురన్నా వచ్చి చెప్పారా? కూలికి మోస్తే జారనిది, బిడ్డ కూతంత బలానికి మోస్తే జారుద్దా?" అంది. మళ్లీ ఎవరూ ఎత్తలేదు ఆ మాట.

దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు ఆఖరు. రెండేళ్లు! ఏడుగుర్లో ఇద్దరు ఈలోగా హైదరాబాద్ కూలికి పోయారు. మా పిల్ల పరుగు, జంప్ గట్టెక్కింది. తర్వాత రాతపరీక్షలో మార్కులు చాల్లేదు. మళ్లీ చదువుతోంది, సాయంత్రం వచ్చి బస్కీలు తీసి పోతుంది. ఆ రెండేళ్లలో పట్టీల మీద రాడ్డు పడ్డ చప్పుడు చాలాసార్లు విన్నాం. పడ్డ ప్రతిసారీ కిందనుంచి మనిషి నవ్వుతూ బయటికొచ్చాడు.

అయ్య రోజూ మంచం అటు తిప్పించుకుని చూస్తాడు. కిందటి నెల కొక్కేలు నడుము ఎత్తుకి దించమన్నాడు. వట్టి రాడ్డు పెట్టించి, దాన్ని పట్టుకుని మెల్లగా కూర్చుని లేచాడు, మూడుసార్లు.

పక్క మండలం నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కొలతలు రాసుకుని పోయారు. పట్టీల కొలత రెండుసార్లు రాయించాను. వెల్డింగు కుర్రాడు ఈసారి మజూరీ పూర్తిగా తీసుకుంటానన్నాడు. న్యాయమే.