పాత పటంలోని కుంకుమ బొట్టు

ఆలయ వార్షికోత్సవ సందర్భంగా పాత ఛాయాచిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేయదలచి, సభ్యుల ఇళ్ళలో ఉన్న పటాలను తెచ్చి ఇవ్వవలసిందిగా కార్యవర్గం కోరినప్పుడు, మేము తోబుట్టువులం నలుగురం కలిసి మా నాయనమ్మ వదలివెళ్ళిన బిస్కెట్ల డబ్బాను అటక మీద నుండి దించాము. అందులో పదిహేడు ఫోటోలున్నాయి. యుద్ధానికి ముందువి రెండు; తక్కినవన్నీ 1948 తరువాతివి. 1942 నుండి 1945 వరకు గడచిన కాలానికి సంబంధించినది ఒక్కటీ లేదు. ఈ సంగతి మాకు ఆ రోజున వింతగా తోచలేదు. పేదవారి ఇంట ఫోటోలు తక్కువగా ఉండటం సహజమే కదా అనుకున్నాము.

ఆలయ సభామండపంలో ఒక యువకుడు కంప్యూటర్ ముందు కూర్చుని, తెచ్చిన పటాలన్నింటినీ స్కాన్ చేసి, గీతలు, బూజు మచ్చలు తొలగిస్తున్నాడు. మా పటాలలో అన్నిటికన్నా పాతదాన్ని తెరమీద పెద్దదిగా చేసి చూపి, "ఈయన మొహం మీద మరక పడింది, తీసేయమంటారా?" అని అడిగాడు. తీసేయమనే చెప్పబోయాము. పక్కనే చక్రాల కుర్చీలో కూర్చున్న మా మేనత్త, ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి, ఒక్కసారిగా ముందుకు వంగి, "ఏటిరా, అది తుడిచేత్తావా? అది మరక కాదు. మీ నాయనమ్మ పెట్టిన బొట్టు" అన్నది.

ఆ పటాన్ని మేము చిన్ననాటి నుండి వందసార్లు చూసి ఉంటాము. నిజానికి చూడలేదని ఆనాడు తెలిసింది.

అది 1939 ప్రాంతపు చిత్రం. ఒడిలో ఉన్న పాప మా మేనత్తే. ఆమె వయస్సును బట్టి ఆ సంవత్సరాన్ని లెక్కగట్టాము. పటం అంటించిన దళసరి అట్టమీద తెలుక్ ఆన్సన్ అని ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. నేటి తెలుక్ ఇంతాన్‌కు 1982 వరకు అదే పేరు. వెనుక గుడ్డమీద పాలరాతి మెట్లు, స్తంభాలు, ఒక తటాకం చిత్రించి ఉన్నాయి. ఆ రాజప్రాసాదం ఎదుట కుర్చీలో నాయనమ్మ, ఆమె వెనుక ఎడమవైపు తాతయ్య, కుడివైపు తాతయ్యగారి తమ్ముడు. తమ్ముడు కోటు ధరించాడు. చేతి గడియారం కనబడేలా మోచేతిని కుర్చీ వీపు మీద ఆనించాడు. తల నున్నగా దువ్వి ఉంది. కాళ్ళకు మాత్రం చెప్పులు లేవు.

ఆ కోటు మా వాళ్ళది కాదు. ప్రదర్శనకు వచ్చిన పటాలను బల్లమీద పరచి చూస్తుంటే, మాకు ఏ బంధుత్వమూ లేని మూడు కుటుంబాల మగవారు అదే కోటులో కనిపించారు. రెండవ గుండీ తక్కిన గుండీల కన్నా పెద్దది. దానిని బట్టి గుర్తుపట్టాము. స్టూడియో వాళ్ళు వచ్చినవారందరికీ ఆ ఒక్క కోటునే తొడిగేవారన్నమాట. చెప్పుల జతలు మాత్రం ఉంచుకోలేదు కాబోలు. కొబ్బరి తోటలలో కాయలు ఒలిచి, కురిడీలు ఎండబెట్టిన మనుషులు ఒక పూట దొరబాబుల వలె నిలబడటానికి కొంత సొమ్ము చెల్లించారు. దీనిని చూసి నవ్వుకునేవారున్నారు. మాకు నవ్వు రాలేదు. ఆ పటం దిగినది తమను తాము చూసుకోవటానికి కాదు. ఒక ప్రతి ఇంట ఉంచుకుని, మరొకటి శ్రీకాకుళం వైపు స్వగ్రామానికి పంపారు. తమ్ముడికి అక్కడ ఒక సంబంధం చూస్తున్నారట. కోటూ, గడియారమూ ఆ పిల్ల తల్లిదండ్రుల కోసం.

నైపుణ్యం లేని కూలీలకు దారిఖర్చులిచ్చి మలయాకు తీసుకుపోవటాన్ని భారత ప్రభుత్వం 1938లో నిషేధించింది. అతడు అంతకు ముందే మద్రాసులో ఓడ ఎక్కి పినాంగులో దిగాడు. ఆ విధంగా వచ్చిన చివరి కొద్దిమందిలో అతడొకడు.

మేనత్త చెప్పిన మరొక మాట. ఆ స్టూడియో యజమాని జపాను దేశస్థుడట. ఇందులో అసాధారణమేమీ లేదు. యుద్ధానికి ముందు మలయాలోని పలు పట్టణాలలో జపనీయులు ఫోటో స్టూడియోలు నడిపారు. వారంతా గూఢచారులేననీ, సైన్యం రాగానే కత్తులు కట్టుకుని ప్రత్యక్షమయ్యారనీ ఆ తరువాత ఊరూరా కథలు పుట్టాయి. ఈ ఒక్కడి గురించి మేము ఏమీ అనలేము. అతడు పనివాడు మాత్రం మంచివాడు. ఎనభై ఏళ్ళు దాటినా నాయనమ్మ చెవి కమ్మల నగిషీ చెక్కుచెదరలేదు.

యుద్ధానికి ముందున్న రెండవ చిత్రం తోటలోని రామ మందిరం ఎదుట శ్రీరామనవమి నాడు తీసినది. భజన బృందం, మృదంగం, తాళాలు, నడుమ కుర్చీలో దొర. ఇటువంటి చిత్రాలలో ముందు వరుసను చూసి ప్రయోజనం లేదు. వాళ్ళు ఎలా కనబడాలనుకున్నారో అలాగే కనబడతారు. వెనుక భాగాన్ని ఎవరూ సర్దలేదు; అక్కడే ఉంది బ్రతుకు. లైను ఇళ్ళ అరుగు మీద ఇత్తడి బిందె ఒకటే ఉంది, తక్కినవన్నీ నీళ్ళు పట్టుకునే కిరసనాయిలు డబ్బాలు. తాటిమీద ఆరవేసిన చీర చివర అతుకు పడి ఉంది. స్త్రీలు చిత్రపు అంచున సగం లోపల, సగం బయట నిలబడ్డారు. స్తంభం చాటు నుండి పిలవని పిల్లవాడొకడు తొంగిచూస్తున్నాడు. వాడు కదిలాడేమో, ముఖం చెరిగిపోయింది.

ఈ చిత్రం తరువాత మౌనం.

1941 డిసెంబరు 8న జపాను సైన్యం కోటా బారు తీరాన దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. మలయా తినే బియ్యంలో అధికభాగం బర్మా, సయాముల నుండి వచ్చేది; అది తగ్గిపోగానే తోటలలో కర్రపెండలమే అన్నమయింది. కొబ్బరినూనె మాత్రం చేతికందేది గనుక దీపాలకు లోటు లేదని మేనత్త అంటుంది. అరటిగెల బొమ్మ వేసిన జపాను నోట్లు రోజురోజుకూ విలువ కోల్పోయాయి. ఫిల్ము లేదు, కాగితం లేదు, కట్టుకోవటానికి గుడ్డ లేదు. గోనెసంచులు కత్తిరించి కుట్టుకున్నారు. ఆ రూపంలో ఎవరు ఫోటో దిగుతారు, ఎవరికి పంపుతారు? ఇండియాకు ఉత్తరాలే ఆగిపోయాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. సముద్రానికి ఆ ఒడ్డున తల్లి, ఈ ఒడ్డున కొడుకులు. ఒకే సైన్యానికి భయపడుతూ ఉన్నా, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

సయాము నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం నిర్మించటానికి జపాను సైన్యం 1942 నడుమ పూనుకుని 1943 అక్టోబరులో ముగించింది. మలయా తోటల నుండి 70,000కు పైగా కూలీలను తరలించింది. మొదట కూలి ఇస్తాము, కొన్ని నెలలలో తిరిగి పంపుతాము అన్నారు. వెళ్ళినవారు రాకపోవటంతో మాటలు నమ్మేవారు లేకపోయారు. అప్పుడు లారీలు వచ్చాయి. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, మగవారిని నేరుగా రైలు పెట్టెలలోకి ఎక్కించిన ఉదంతాలూ ఉన్నాయి. మా తోట నుండి పోయినవారిలో తాతయ్యగారి తమ్ముడున్నాడు. పేర్ల జాబితాతో వచ్చిన కంగాణీ తాతయ్యను అడిగితే, పెళ్ళాంబిడ్డలున్నవాడు అన్న, నేను పోతానని తమ్ముడే ముందుకు వచ్చాడట. మేనత్తకు అప్పుడు ఏడేళ్ళు. లారీ వెనుక తోట గేటు దాకా పరిగెత్తినట్టు గుర్తున్నది.

ఆ రైలుమార్గానికి ఛాయాచిత్రాలు లేకపోలేదు. జార్జ్ ఆస్పినాల్ అనే ఆస్ట్రేలియా సైనికుడు యుద్ధఖైదీగా ఉంటూ, ప్రాణాలకు తెగించి, దాచుకున్న చిన్న కెమెరాతో తోటి ఖైదీల చిత్రాలు తీశాడు. ఎముకల గూళ్ళ వంటి ఆ సైనికుల చిత్రాలను లోకమంతా చూసింది. కాంచనబురిలోని యుద్ధ శ్మశానంలో దాదాపు 7,000 మంది సైనికులు పేరు చెక్కిన ఫలకాల కింద నిద్రిస్తున్నారు. అది న్యాయమే, మాకు అసూయ లేదు. కానీ కూలీలు చనిపోయినది సైనికుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, వారికి అటువంటి ఫలకాల వరుస లేదు. పుస్తకాలలో మేము చూసిన కూలీల చిత్రాలు కొద్ది. వాటి కింద 'ఆసియా కూలీలు' అనో 'తమిళ కూలీలు' అనో ఉంది. ఆ ముఖాలలో తెలుగు ముఖం ఏదో ఎవరు చెప్పగలరు?

యుద్ధం ముగిశాక మా తోటకు తిరిగివచ్చినవాడు ఒక్కడే. అతని మోకాళ్ళ కింద పుండ్లు మానిన గుంటలుండేవి. వర్షాకాలంలో విశూచి ఒక శిబిరాన్ని ఊడ్చివేసిందనీ, తమ్ముణ్ణి ఆఖరుగా అక్కడే చూశాననీ చెప్పాడు. ఏ నెల, ఏ తిథి అని తాతయ్య అడిగాడు. అక్కడ రోజులు ఎవరు లెక్కపెట్టారని అతడు ఎదురు ప్రశ్న వేశాడు. తాతయ్య దానిని మరణవార్తగా ఒప్పుకోలేదు.

డబ్బాలోని మూడవ చిత్రం తపాలాబిళ్ళ కన్నా కాస్త పెద్దది. 1948లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన పిమ్మట, పన్నెండేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఫోటో, వేలిముద్రలతో గుర్తింపు కార్డులిచ్చారు. ఎందరో తోట కూలీలకు జీవితంలో మొదటి ఫోటో అదే. నాయనమ్మ తెల్లగుడ్డ ముందు నిలబడి సూటిగా చూస్తున్నది. 1939లో నిండుగా ఉన్న బుగ్గలు లోపలికి పోయాయి. చెవులకు ఏదో సన్నని నగ ఉందనుకునేవాళ్ళం. భూతద్దంతో చూస్తే అది చీపురుపుల్ల. కమ్మలు బియ్యానికి మారిపోయాయి. తూట్లు పూడుకుపోకుండా పుల్లలు పెట్టుకున్నది. ఎప్పటికైనా మళ్ళీ కమ్మలు వస్తాయనే కదా.

ఆ కార్డుల వరుసలో నిలబడినప్పుడు, ఇంట ఇంకెవరైనా ఉన్నారా అని గుమాస్తా అడిగాడట. తాతయ్య చాలాసేపు పలకలేదట. ఆ మరుసటి సంవత్సరం నుండి మహాలయ అమావాస్య నాడు మా ఇంట ఒక ఆకు అధికంగా వేయటం మొదలయింది. తిథి తెలియనివారికి ఆ అమావాస్యే తిథి.

ఆకు వేశారు సరే, పటమేది? అతనికి ఉన్నది ఆ స్టూడియో చిత్రం ఒక్కటే. అందులో తాతయ్య ఉన్నాడు, నాయనమ్మ ఉన్నది, ఒడిలో పాప ఉన్నది. బ్రతికి ఉన్నవారి పటానికి దండ వేయటం అశుభం. అందుకని నాయనమ్మ ఏటా ఆ అమావాస్య నాడు పటాన్ని డబ్బాలో నుండి తీసి, కుడివైపున ఉన్నవాని నుదుట మాత్రం ఉంగరపు వేలితో ఇంత కుంకుమ అద్ది, మళ్ళీ లోపల పెట్టేది. పసుపుతో చేసిన కుంకుమ కాబట్టి వెలిసి గోధుమరంగుకు తిరిగింది. పటాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే పొరలు పొరలుగా మందం కనబడుతుంది. ఆ కాలపు ఫిల్ములలో ఎరుపు నల్లగా పడేది కనుక నాయనమ్మ నుదుటి బొట్టు నల్లని చుక్క. అది కాగితంలో ఉంది. అతనిది కాగితం మీద ఉంది.

ప్రదర్శనకు పటాలిచ్చేవారు ఒక పత్రం నింపాలి. సంవత్సరం, స్థలం, ఎడమ నుండి కుడికి పేర్లు. కుడివైపు చివరి పేరు వద్ద కలం ఆగింది. నాయనమ్మ అతణ్ణి 'మా మరిది' అనేది. తాతయ్య 'తమ్ముడు' అనేవాడు. మేనత్తకు అతడు చిన్నాన్న. నోరారా వరుస పెట్టి పిలవటం మన మర్యాద. ఆ మర్యాద అతని పేరును మింగివేసింది. మా నాన్నగారు యుద్ధం తరువాత పుట్టినవారు, ఆయనకూ తెలియదు. తోట చెక్కురోలులో ఏదో పేరు ఉండే ఉంటుంది, ఆ పుస్తకాలు లేవు. స్వగ్రామానికి పంపిన ప్రతి కోసం ఆరు సంవత్సరాల క్రితం వెళ్ళినప్పుడు అడిగాము. ఇల్లు కూలిపోయింది, చెదలు తిన్నాయన్నారు. ఇంటిపేరు ఉన్నది, అది మాదే కనుక. పేరు లేదు.

"మా చిన్నాన్న అని రాయండర్రా" అన్నది మేనత్త.

"చూసేవాళ్ళందరికీ చిన్నాన్న కాదు కదా అత్తా" అన్నాము.

"అయితే ఏటి? నాకు చిన్నాన్నే కదా. ఒడిలో ఉన్నది నేనని కూడా రాయండి, ఎవరి చిన్నాన్నో తెలుస్తుంది."

అలాగే రాశాము. మచ్చ తీయకుండానే ఆ యువకుడు పటాన్ని భద్రపరచాడు. ప్రదర్శన ప్రారంభం నాడు పెద్దల పటాలన్నింటికీ బంతిపూల దండలు వేయాలని కార్యవర్గం తీర్మానించిందని తెలిసి, మేనత్త ఎవరికీ చెప్పకుండా మాకు ఫోన్ చేసింది.

"దానికి మాత్రం వెయ్యొద్దని చెప్పండి. నేనింకా ఉన్నాను."