పడమటి దిక్కు బస్సు

నెల్లూరులో పడమటి ఊళ్లకు పోయే బస్సులు ఆత్మకూరు బస్టాండు నుంచి బయల్దేరతాయి. పెళ్లయి మూలాపేటకు వచ్చినప్పటి నుంచీ ఆ బస్టాండు ముందు నుంచే రైస్ మిల్లుకు పోయి వచ్చేదాన్ని. లోపలికెళ్లి ఉదయగిరి బస్సెక్కే పని మాత్రం ఎప్పుడూ పడలేదు. 2025 అక్టోబరులో పడింది. హ్యాండ్‌బ్యాగులో స్కూల్ అసిస్టెంట్ నియామక పత్రం, కాళ్ల దగ్గర పరుపు చుట్ట, గిన్నెలు సర్దిన అట్టపెట్టె. మా ఆయన సామానంతా ఎక్కించి, కండక్టరుకు ఒకటికి రెండుసార్లు చెప్పి, బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు.

మిల్లులో నాది లెక్కల పని. లారీ నంబరు, తూకం, తేమ శాతం, బస్తా రేటు, తౌడు, నూక. పొద్దున పిల్లాడికి క్యారియర్ కట్టి వెళ్తే, చీకటి పడేలోపు ఇంటికి చేరేదాన్ని. జీతం పెద్దది కాకపోయినా నెలనెలా వచ్చేది. ఎం.ఏ. తెలుగు, బీఎడ్ సర్టిఫికెట్లు మాత్రం బీరువా అడుగున ఉండిపోయాయి. 2018 తర్వాత రాష్ట్రంలో టీచర్ల నియామకానికి పెద్ద డీఎస్సీ జరగనే లేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్ పరీక్ష దాకా రాకుండానే రద్దయింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించారు. వయోపరిమితిని 42 నుంచి 44కు పెంచారు. ఆ పెంచిన రెండేళ్లలోనే నాకు చోటు దొరికింది. శిక్షణకు వెళ్తే నా వయసు వాళ్లు చాలామందే కనిపించారు. ప్రైవేటు స్కూళ్లలో అరిగిపోయినవాళ్లు, బీమా పాలసీలు కట్టించినవాళ్లు, బట్టల షాపులో నిలబడి పనిచేసినవాళ్లు. సెప్టెంబరు 25న వెలగపూడిలో నియామక పత్రాలు ఇచ్చారు. ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో నాకొచ్చిన స్టేషన్ ఉదయగిరి.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. అలా అననందుకే బయల్దేరడం మరింత కష్టమైంది. పిల్లాడు ఇంటర్ రెండో సంవత్సరం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. "మేం చూసుకుంటాంలే, నువ్వు పోయిరా" అని ఆమే ముందన్నది.

బుచ్చిరెడ్డిపాళెం దాకా నాకు తెలిసిన లోకమే. కనిగిరి రిజర్వాయరు కింద మాగాణి ఎంత దూరమైనా పచ్చగానే పోతుంది. ఈ మడుల్లో పండిన వడ్లనే మిల్లులో తూకం రాసుకున్నాను. సంగం దగ్గర పెన్న నిండుగా కనబడింది. బ్రిటిషువాళ్ల నాటి పాత ఆనకట్టకు బదులుగా కట్టిన కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించి, మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. ఆయన ఆత్మకూరు ఎమ్మెల్యే. పరిశ్రమల మంత్రిగా ఉంటూ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే యాభై ఏళ్ల వయసులో పోయారు.

ఆత్మకూరులో సగం బస్సు ఖాళీ అయింది. అనుమసముద్రంపేట దర్గాకు పోయేవాళ్లు ఇక్కడే దిగిపోయారు. బస్టాండులో ఎదురుగా ఆగి ఉన్న బస్సు నెల్లూరుకు పోయేది. కిటికీల్లో అంతా కుర్రాళ్లే. ఒళ్లో బ్యాగులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నా పక్క సీటులో దుత్తలూరు వైపు పెద్దాయన ఒకరు కూర్చున్నారు. కాళ్ల దగ్గరి సామాను చూసి అడిగారు.

"యాడికి పోతుండావమ్మా?"

"ఉదయగిరికండీ. హైస్కూల్లో టీచరుగా చేరాలి."

"అందరూ అటు పోతా ఉంటే, నువ్వు ఇటు వస్తుండావే!" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆయన పెద్దకొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు, చిన్నోడు కువైట్‌లో డ్రైవరు. ఇంటి దగ్గర ఆయనా, ముసలామే, రెండు బర్రెలూ. "వాన పడితే కంది ఏస్తాం. పడకపోతే చూస్తా కూర్చుంటాం" అన్నారు.

ఆత్మకూరు దాటాక ఆ మాటకు అర్థం కిటికీలోంచే కనిపించింది. మడులు పోయి ఎర్రనేల వచ్చింది. రాళ్లు, తుమ్మచెట్లు, జామాయిలు తోటలు, మధ్యమధ్య పొగాకు వేయడానికి దున్ని ఉంచిన చేలు. పొగాకు వేలానికి మర్రిపాడు మండలం డీసీపల్లి ఉంది, అటు కలిగిరి ఉంది. వేలాలు నడిచే నెలల్లో ఈ పల్లెల చేతికి కాస్త డబ్బు ఆడుతుందని పెద్దాయన చెప్పారు. వింతేమంటే, నీళ్లు ఇక్కడికి దూరంలో లేవు. 78 టీఎంసీల సోమశిల జలాశయం ఈ పక్కనే, అనంతసాగరం మండలంలోనే ఉంది. మెట్ట ఎత్తులో ఉంది, జలాశయం పల్లంలో ఉంది. అందువల్ల నీరు తూర్పుకు దిగి డెల్టాకు పోతుంది. ఆత్మకూరు, ఉదయగిరి మెట్టల్లో 90 వేల ఎకరాలకు నీళ్లెక్కించాలని మొదలుపెట్టిన సోమశిల హైలెవల్ కాలువ కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. నీళ్లు పల్లానికి, మనుషులు పట్నానికి. నేనిన్నాళ్లూ జీతం తీసుకున్న మిల్లు ఆ పల్లపు నీళ్ల మీదే నడిచింది. ఆ సంగతి సంగం దాటి ఇటు వస్తేగానీ నాకు తట్టలేదు. ఈ నేలకు నేను బాకీ ఉన్నాననిపించింది. వస్తున్నది ఉద్యోగానికే అయినా, ఆ బాకీ మనసులో పెట్టుకునే బస్సు దిగాను.

ఉదయగిరిలో ఏ వీధిలో నిలబడినా కొండ కనిపిస్తుంది. మూడువేల అడుగులకు పైబడిన కొండ, దాని మీద కోట. తెలుగు టీచరుగా వచ్చినదాన్ని, కృష్ణదేవరాయలు తలపుకు రాకుండా ఉంటాడా! 1513లో ఆయన గజపతుల మీద దండెత్తి వచ్చింది మొదట ఈ కోట మీదికే. ముట్టడి ఏడాది దాటినా కోట లొంగలేదు. 1514లో చేజిక్కాక, ఇక్కడి గుళ్లో ఉన్న బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకెళ్లి, 1515లో అక్కడ కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇక్కణ్నుంచి హంపికి, హంపి నుంచి చెన్నైకి. ఈ ఊరి వలసల చరిత్ర రాస్తే మొదటి పేరు ఆ పసివాడిదే పెట్టాలి. పదో తరగతికి పాఠంలో రాయల ప్రస్తావన వచ్చిన రోజు, కిటికీలోంచి కొండ చూపించి ఈ కథంతా చెప్పాను. వెనక బెంచీ పిల్లాడు లేచి, "మళ్లీ తెచ్చుకోలేమా మేడమ్?" అని అడిగాడు. పుస్తకంలో లేని ప్రశ్న. పిరియడ్ అయిపోయేదాకా దాని మీదే మాట్లాడుకున్నాం.

అద్దె గది వెనక వీధిలో చెక్క స్పూన్లు చేసేవాళ్లుంటారు. 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు ఈ ముస్లిం కుటుంబాల ఆడవాళ్ల చేతుల మీదుగానే వస్తాయి. ఒక ఆదివారం ఒక పెద్దావిడ గడపలో కూర్చుని చాలాసేపు చూశాను. కొండ పక్కనుంచి తెచ్చిన నర్ది కర్ర. బాడిసెతో చెక్కి ముందు మొరటు రూపం తెచ్చింది. ఒక చివర గుంట తీసింది. ఆకురాయి పట్టింది, ఆపైన గరుకు కాగితంతో రుద్దింది. చివరికి కాడ మీద సన్నటి రంపంతో జల్లెడలాంటి పని. కాడను పాదాల వేళ్ల మధ్య బిగించి పట్టుకుంది. రంపం ఒక్క గింజంత పక్కకు జరిగినా కాడ విరిగిపోతుంది. మాట్లాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు, తప్పలేదు. ఈ పని చేత్తో పట్టుకున్నవాళ్లు ఊరు వదలకుండా బతకగలిగారు. వాళ్ల మగవాళ్లలో చాలామంది వదిలి వెళ్లారు.

ఆమె మనవరాలు నా తొమ్మిదో తరగతే. ఆ పిల్లకు కాడ మీద పువ్వు చెక్కడం వచ్చు.

"పని నేర్పినాను టీచరమ్మా. అయినా అది నర్సింగు చదవాలంటుండాది. పోనీ, పోయి చదువుకోనీ. యాడికి పోయినా నలుగురిలో మాట్లాడేట్టు, రాసేట్టు మీరు నేర్పండి."

నేను ఇల్లు వదిలి ఇక్కడికొచ్చింది, ఇక్కడి పిల్లల్ని ఇల్లు వదిలి పోయేందుకు సిద్ధం చేయడానికా? ఆ రాత్రి గదిలో ఒంటరిగా వండుకుంటూ దీని గురించే ఆలోచించాను. అవును, అందుకే. పోవడం ఎలాగూ తప్పదు. సెంట్రింగ్ కట్టడానికి పోయే బదులు, తనకిష్టమైన పనికి పోతే ఆ పోవడంలో తేడా ఉంటుంది. నా వయసులో నాకు దొరికిన తేడా ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లకే దొరకాలి.

తర్వాతి వారం తొమ్మిదికి లేఖారచన పాఠం. పుస్తకంలో ఉన్న సెలవు చీటీ పక్కనబెట్టి, ఇంటికి దూరంగా ఉన్నవాళ్లకు నిజం ఉత్తరం రాయమన్నాను. అలాంటివాళ్లు ఎవరెవరికి ఉన్నారంటే సగం మందికి పైగా చేతులెత్తారు. కువైట్, బెంగళూరు, హైదరాబాదు, చెన్నై. నాన్నకు, అన్నకు, ఒకమ్మాయి అమ్మకు. ఫోనులో రోజూ మాట్లాడుకుంటున్నారు గానీ, చిరునామా ఎవరికీ తెలియదు. అందరూ ఆ రాత్రే ఫోను చేసి అడిగి తెచ్చారు. ఉత్తరాల్లో అక్షరదోషాలు చాలా ఉన్నాయి. వాటిని దిద్దించి, మళ్లీ రాయిస్తున్నాను. కువైట్‌కు ఎన్ని రూపాయల స్టాంపు అంటించాలో సోమవారం పోస్టాఫీసులో కనుక్కొని చెప్తానన్నాను. స్పూన్ల ఇంటి పిల్ల తన ఉత్తరంతోపాటు ఒక చిన్న స్పూను కూడా కవర్లో పెట్టొచ్చా అని అడిగింది. అది కూడా కనుక్కోవాలి.