పుల్లపిండి సీసా

జనవరి 11, నేపర్‌విల్

ఇండియా నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే, బ్రెడ్డు పులియబెట్టే స్టార్టర్ మీద గులాబీ రంగు చార. పైన నల్లటి నీళ్ళు తేలితే భయం లేదు, అది ఆకలి. వంపేసి పిండి పెడితే లేస్తుంది. గులాబీ, నారింజ చారలు అలా కాదు, చేరకూడనివి చేరాయన్నమాట. చెంచాడు కూడా దాచుకోకూడదు. సీసాతో సహా పారేశాను. ఏడుపొచ్చింది.

పిండీ నీళ్ళే కదా అన్నారు మావారు. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో తగలబడుతుంటే లూయీజ్ బూడన్ తమ బేకరీ తల్లిపిండిని బకెట్లో పెట్టుకుని బయటపడిందని చెప్పుకుంటారు. ఆవిడైతే అలా అనేది కాదు.

జనవరి 12

పక్కింటావిడ తన సీసాలోంచి కొంచెం ఇస్తానంది. వద్దన్నాను. ఈసారి మొదటి బుడగ నుంచీ చూడాలని ఉంది. కావలసిన జీవులు గింజ పైపొరతోపాటే పిండిలోకి వస్తాయి. అందుకే మైదా కాకుండా పొట్టు తియ్యని రై పిండి తీసుకున్నాను. 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్ళు. ఇల్లు చల్లగా ఉంది. ఓవెన్ వెలిగించకుండా, లోపలి లైటు మాత్రం వేసి అందులో పెట్టాను.

జనవరి 14

పొంగింది! కానీ తడిగుడ్డ ముక్కిన వాసన. ఇది ఈస్టు పొంగు కాదు, ల్యూకోనాస్టాక్ లాంటి బ్యాక్టీరియా వదిలిన గాలి. మన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగడం కూడా చాలామటుకు దాని చలవే. ఇడ్లీకి అంతవరకు చాలు, ఆవిరి మీద పెట్టేస్తాం. బ్రెడ్డుకి చాలదు. సగం తీసేసి మళ్ళీ పిండి, నీళ్ళు. తీసేసింది ఇప్పుడే దోసెల్లో కలపను, పులుపు కుదరాలి.

జనవరి 16

ఒక్క బుడగ లేదు. చాలామంది పారబోసేది ఇక్కడే, నాకు అదే బాధ. అసలు పని జరిగేది ఇప్పుడే. ఆమ్లం పెరిగేకొద్దీ ఆ తొలి బ్యాక్టీరియా సన్నగిల్లిపోతుంది. పులుపుని తట్టుకునే బ్యాక్టీరియా, ఈస్టు నిలదొక్కుకుంటాయి. కొందరు మొదట్లో నీళ్ళకు బదులు అనాసరసం పోస్తారు, ఆ పులుపు ముందే అందించడానికి. నాకు తొందర లేదు.

“చచ్చిపోయిందేమో, మళ్ళీ మొదలెట్టు.”

“దాన్ని ముట్టుకోకండి.”

జనవరి 21

పిండి పెట్టిన అయిదారు గంటలకే, సీసాకి గుర్తుగా చుట్టిన రబ్బరు బ్యాండు దాటేసింది. పుల్లమజ్జిగ వాసన, వెనకాల కాస్త ఆపిల్. శాన్‌ఫ్రాన్సిస్కో పేరు పెట్టిన బ్యాక్టీరియా కూడా ఆ ఒక్క ఊరిదే కాదు, యూరప్ పుల్లపిండుల్లోనూ దొరికింది. అలాగని నా పాత సీసాలో ఏవి బతికాయో ఇందులోనూ అవే ఉండాలని లేదు. ఇది వేరే ప్రాణం. పాతదాని పేరు దీనికి పెట్టను.

జనవరి 25

మొదటి బ్రెడ్డు దిగింది. లోపల కన్నాలు చిన్నవే, పులుపు మాత్రం చక్కగా పట్టింది. మావారు వెన్న కూడా అడగలేదు.

రెండు చెంచాల స్టార్టర్ బేకింగ్ కాగితం మీద పల్చగా పూసి ఆరబెట్టాను. ఎండి పెళుసైతే డబ్బాలో నెలల తరబడి ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పిండి పెడితే మళ్ళీ లేస్తుంది. సగం డల్లాస్‌లో వదినకి పోస్టు చెయ్యాలి. ఆవిడ దగ్గర తూకం మిషన్ ఉందో లేదో అడగాలి.