నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువ

2012 నాటి మారుతి డిజైర్‌ను పక్కనుంచి చూస్తే, వెనకభాగాన్ని ఎవరో కత్తెర పెట్టి కత్తిరించినట్టుంటుంది. నిజంగానే కత్తిరించారు. 2008లో తొలి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు. అయితే నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజిను 1,200 సీసీ మించకుండా ఉంటే ఎక్సైజు పన్ను తక్కువని 2006 బడ్జెట్ గీత గీసింది. టాటావాళ్లు 2008లోనే ఇండిగో సీఎస్‌ను ఆ గీతలోకి కుదించారు. నాలుగేళ్ల తర్వాత మారుతి కూడా అదే దారి పట్టి, డిజైర్‌ను 3,995 దగ్గర ఆపింది. ఎక్సైజు పోయి జీఎస్టీ వచ్చినా గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ కొలతలోని పెట్రోలు కార్లకు పన్ను 18 శాతం, పెద్దవాటికి 40.

కోత డిక్కీకి తగిలింది: 440 లీటర్ల చోటు 316కి పడిపోయింది.

సెడాన్ కొనేదే డిక్కీ కోసం కదా! పండగకు ఊరెళ్లి వచ్చేటప్పుడు సూట్‌కేసులతోపాటు బియ్యం మూట, ఆవకాయ జాడీ కూడా ఎక్కాలి. పొడవు పెంచకుండానే 2017లో ఆ చోటును 378 లీటర్లకు, 2024లో 382కు తెచ్చారు. హోండా అమేజ్ అయితే అంతే పొడవులో 416 లీటర్లు ఇమిడ్చింది.

2024 నవంబరులో వచ్చిన డిజైర్‌కు సన్‌రూఫ్ కూడా ఉంది, టాప్ మోడల్లో మాత్రమే. మే నెల ఎండలో విజయవాడలో దాన్ని తెరిచేదెవరు? వెనక సీటుకు గాలి కొట్టే ఏసీ వెంట్లే నయం. అసలు చూడాల్సింది బేస్ మోడల్ ఎల్ఎక్స్ఐని. అందులో టచ్‌స్క్రీన్ లేదు గాని, ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. మలుపులో బండి జారబోతే ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికే బ్రేకు వేసి దారిలో పెట్టే ఈఎస్‌పీ కూడా ఉంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి మారుతి ఇదే.

మైలేజీ లెక్కలు వేసేవాళ్ల చూపు సీఎన్‌జీ మీద. కంపెనీ చెప్పేది కిలోకు 33.73 కిలోమీటర్లు. కానీ సిలిండరు కూర్చునేది మళ్లీ ఆ డిక్కీలోనే. సామాన్లు ఒళ్లోకో, పైన క్యారియర్ మీదికో చేరతాయి. టాటా టిగోర్‌లో 2023లో పెద్ద సిలిండరు తీసేసి, రెండు చిన్నవి డిక్కీ అడుగున పరిచారు. పైన పెట్టెలకు చోటు మిగిలింది. సన్‌రూఫ్‌కు కొట్టే చప్పట్లలో సగం దీనికి కొట్టినా బాగుండేది.