గురువులేని విద్య

పద్యానికైతే బడి ఉంది. మా కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు బందరు హైస్కూల్లో పాఠం చెబుతూనే విశ్వనాథ సత్యనారాయణగారి వంటి శిష్యుల్ని తయారుచేశారు. గణం చెడితే చెడిందనొచ్చు, యతి కుదరకపోతే వేలుపెట్టి చూపించొచ్చు. కథలో ఆ వేలు ఎక్కడ పెట్టాలి?

అమెరికాలోని ఎడిసన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ గదిలో పదిమందిని కూర్చోబెట్టి కథారచన చెబుతున్న నాకు ఇదే ప్రశ్న. ఈ విద్యలో నాకిష్టమైన కథకులెవరికీ గురువుల్లేరు. 1891లో పొలమూరులో, వేదం చదివిన ఇంట్లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు సంస్కృతం చదివారు, అవధానాలు చేశారు, ఇంగ్లిషు చదువు జోలికి మాత్రం పోలేదు. మరి ఆ కథలు ఎవరు నేర్పారు? నన్నడిగితే ఇంట్లో, వీధిలో విన్న మాటలే. ఆయన కథలు చాలావాటిలో మనుషులు మాట్లాడుకుంటూనే ఉంటారు, కథ దానంతటదే నడిచిపోతుంది. పాలగుమ్మి పద్మరాజుగారైతే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఆయన ‘గాలివాన’కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ పత్రిక 1966లో మూతపడింది. కథకి మాత్రం ఇప్పటికీ పాఠకులున్నారు.

మా క్లాసులో సఖినేటిపల్లి వైపు కుర్రాడొకడున్నాడు, సాఫ్ట్‌వేర్. ఊరు విడిచి వచ్చిన రోజు మీద కథ తెచ్చాడు. మొదటి పేజీ నిండా గోదారి, వెన్నెల, గుండె బరువు.

‘‘గోదారి సంగతి నాకు తెలుసు బాబూ. రేవు దాటించే పంటు మీద మీ నాన్నగారు ఏమన్నారో అది చెప్పు’’ అన్నాను.

‘‘ఏమన్లేదండి. పంటువాడితో గొడవపడ్డారంతే.’’

‘‘దేనికి?’’

‘‘బండి నిలబెట్టే చోటు కోసమండి. అద్దం ఇరిగిపోద్ది, ఇటు తిప్పరా అని. నరసాపురం రేవు వచ్చేదాకా అదే గోల. సూట్‌కేసు మీద నీళ్ళు పడతన్నాయని భుజమ్మీద తువ్వాలు తీసి కప్పారండి. నాతో ఒక్క ముక్క మాట్లాళ్ళేదు.’’

గదిలో అందరూ నవ్వారు, వెనక కూర్చున్న ఒకావిడ తప్ప. ‘‘అదే రాయి’’ అన్నాను. క్లాసంటే నాకు తెలిసింది ఇంతే. వాళ్ళ దగ్గరున్నదాన్ని వాళ్ళ చేతే బయటికి చెప్పించడం, వారం గడువు పెట్టడం, చదివి వినిపిస్తే మొహమాటపడని నలుగురు శ్రోతల్ని చూపించడం. బోలెడు ఫీజు గుంజి ఇంతకన్నా ఎక్కువ నేర్పుతామనేవాళ్ళని చూస్తే నాకు అనుమానం.

పై ఆదివారం తిరగరాసి తెచ్చాడు. పంటు, అద్దం, తువ్వాలు అన్నీ ఉన్నాయి. కానీ రైలు కదిలాక రెండు పేరాల బెంగ కొత్తగా వచ్చి చేరింది. కొట్టెయ్యమన్నాను. ఒకటి కొట్టేశాడు. రెండోది ఉండాల్సిందేనన్నాడు. సగం మంది అతని వైపే మాట్లాడారు, ఉంచేశాడు.